నలభై మూడో పేజీ

ముందు నా నోట్సు సంగతి చెప్పాలి. అది చెప్పకుండా మిగతాది చెబితే తప్పించుకున్నట్టు అవుతుంది. ఇప్పటిదాకా తప్పించుకున్నది చాలు.

పంతొమ్మిది వందల తొంభై ఆరులో నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చి యూనివర్సిటీ క్యాంపస్‌లోని లా కాలేజీలో లెక్చరర్‌గా చేరాను. నా ఇంగ్లీషు యాస విని పిల్లలు నవ్వుతారని భయం. అందుకే ఆ వేసవి సెలవులన్నీ లైబ్రరీలో కూర్చుని, అంతర్జాతీయ న్యాయశాస్త్రానికి రెండొందల పన్నెండు పేజీల నోట్సు రాసుకుని, వాక్యం వాక్యం బట్టీ పట్టి, క్లాసులో డిక్టేట్ చేశాను. కామా దగ్గర కామా అని, ఫుల్‌స్టాప్ దగ్గర ఫుల్‌స్టాప్ అని చెప్పేవాణ్ణి. ఎవరూ నవ్వలేదు. పరీక్షలో ప్రశ్నలిచ్చేదీ నేనే, పేపర్లు దిద్దేదీ నేనే కాబట్టి, నా వాక్యాలు నాకే తిరిగి రాసిచ్చినవాళ్లందరూ మంచి మార్కులతో పాసయ్యారు. ఇరవై ఎనిమిదేళ్లు అదే నోట్సు. అందులోంచి మేజిస్ట్రేట్లు వచ్చారు, గవర్నమెంటు ప్లీడర్లు వచ్చారు. కొండయ్య సార్ నోట్సు ఉంటే చాలు అన్న మాటను హాస్టళ్లలో ఒక బ్యాచ్ ఇంకో బ్యాచ్‌కి అప్పజెప్పి పోయేది. ఆ మాట చెవిన పడిన పూట నాకు అన్నం కూడా అక్కర్లేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. క్లాసులో ఎవరైనా డౌటని లేస్తే, ఇచ్చింది రాసుకో, డౌటు తర్వాత పుట్టించుకుందువులే అని కూర్చోబెట్టేవాణ్ణి. తర్వాత ఎవరూ పుట్టించుకోలేదు, నేను కూడా.

ఆ నోట్సు అమ్మేది స్వరూప. తార్నాకలో మెట్రో స్టేషన్ దాటాక లాలాపేట వైపు తిరిగే సందులో ఆమె జిరాక్స్ షాపు. పన్నెండేళ్ల కింద అక్కడ పనికి చేరింది. ఓనరు షాపు వదిలేసి పోతుంటే తనే తీసుకుంది. గోడ పొడుగునా అరల్లో సబ్జెక్టుల వారీగా కట్టలు, అన్నిటికంటే ఎత్తు కట్ట నాది. ఆమె మిషను అద్దం మీద ఎప్పుడో ఒక గీత పడింది. అది ప్రతి కాపీలోనూ కుడి అంచున నల్లటి దారంలా వచ్చేది. అద్దం మార్చమని నేను ఎన్నిసార్లు కసురుకున్నానో లెక్కలేదు. గీత ఉంటేంది సార్, చదువు పాడైతదా అని నవ్వేది. నేను సందు మలుపులో కనబడగానే లేచి నిలబడేది. ఎంత గిరాకీ ఉన్నా నాకు స్టూలు వేసి, తుడిచి, కూర్చోమనేది. చదివింది ఇంటర్ వరకే అయినా, నా నోట్సు ఏ పేజీలో ఏముందో నాకంటే తనకే బాగా తెలుసు.

ఆమె భర్త భూపాల్. భువనగిరి దగ్గర రైతు కుటుంబం వాళ్లది. భూపాల్ మౌలాలిలో ఒక వర్క్‌షాపులో వెల్డింగు చేసేవాడు. నాలుగేళ్ల కింద ఎవరో ఏజెంటు ద్వారా ఓడలో ఫిట్టరు పనికి వెళ్లాడు. మొదటి ఓడ నుంచి తొమ్మిది నెలలకు క్షేమంగా దిగి వచ్చి, నాకొక ఖర్జూరాల డబ్బా తెచ్చాడు. ఓడ ఎట్లా ఉంటుందని అడిగాను. పాతికేళ్ల బట్టి ఓడల చట్టం చెబుతున్నవాణ్ణి, దాన్ని ఒక్కసారి కూడా దగ్గర నుంచి చూడలేదు. ఇంజను రూము మా మౌలాలి రేకుల షెడ్డు లెక్కనే ఉంటది సార్, కాకపోతే ఊగుతది అన్నాడు. నేను నవ్వాను. అతనూ నవ్వాడు. పొట్టిగా, చేతుల నిండా కాలిన మచ్చలతో, పెద్దవాళ్ల ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియని మనిషి.

రెండో ఓడ చిన్నది, పాతది. నిరుడు ఫిబ్రవరిలో గల్ఫ్‌లో ఒక రేవుకు బయట, సముద్రంలోనే లంగరు వేసి ఆగింది. ఆ తర్వాత ఓనరు ఫోను ఎత్తడం మానేశాడు. జీతాలు ఆగిపోయాయి, డీజిలు అయిపోయింది. పదకొండు మందిలో ఆరుగురు, కెప్టెన్‌తో సహా, మొదట్లోనే సొంత టికెట్లు కొనుక్కుని వెళ్లిపోయారు. ఐదుగురు మిగిలారు. అందులో భూపాల్ ఒకడు.

ఏప్రిల్లో స్వరూప కాలేజీకి వచ్చింది. అన్నేళ్లలో నా గదికి రావడం అదే మొదటిసారి. కుర్చీ చూపించినా కూర్చోలేదు. జరిగిందంతా చెప్పి, ఒక్క మాట అడిగింది.

"కేసుల సంగతి మీకంటె ఎవరికి ఎక్కువ తెలుస్తది సార్. మా ఆయన ఇంటికెట్ల రావాల్నో చెప్పుండ్రి."

నిజం చెబుతున్నాను, నాకు ఆ క్షణంలో జాలి కంటే ముందు సంతోషం కలిగింది. నా పాఠాన్ని ఇన్నేళ్లకు ఒక మనిషి నిజంగా అవసరమై అడిగింది. నేను కుర్చీలో వెనక్కి వాలి, డిక్టేట్ చేసే గొంతుతోనే చెప్పాను. ఓడ యజమాని ఒక దేశంలో ఉంటాడు, పని చేసేవాళ్లు నాలుగు దేశాల నుంచి వస్తారు, ఓడ మీది జెండా వీటిలో దేనిదీ కాని ఇంకో దేశానిది. నడిసముద్రంలో ఓడ అంటే ఆ జెండా దేశపు నేలలో ఒక ముక్కే అనుకో. దాని మీద మంచీ చెడూ ఆ దేశానిదే. కాబట్టి అర్జీ ఆ దేశానికే పెట్టాలి. ఆ దేశం నుంచి ఉత్తర్వు రాకుండా భూపాల్ ఓడ దిగకూడదు. దిగితే పని వదిలి పారిపోయినట్టు లెక్క, జీతం మీద హక్కు పోతుంది, పట్టుకుని జైల్లో పెట్టినా పెడతారు.

ముంబైలో మన ఓడల ఆఫీసు ఒకటి ఉందట, దానికి కూడా రాద్దామా అని ఆమె అడిగింది. మన ప్రభుత్వానికి పరాయి జెండా మీద అధికారం లేదన్నాను. అని ఊరుకోలేదు.

"నీ షాపులోనే ఉంది చూడు. నలభై మూడో పేజీ, ఏడో ప్రశ్న."

ఆమె మొహం విప్పారింది. అవును గద సార్, నా కాడనే ఉన్నది అంది. ఆ సాయంత్రమే ఆ పేజీకి ఫోటో తీసి భూపాల్‌కు పంపింది. ఆ పేజీని ఎందరో చదివి పాసయ్యారు కాబట్టి, తన భర్త కూడా దాంతో గట్టెక్కుతాడని ఆమె నమ్మకం. నాదీ అదే నమ్మకం.

ఓడ మీద జెండా ఒక చిన్న దీవి దేశానిది. అటువంటి దేశాల ఓడల రిజిస్టరును చాలాసార్లు ఇంకో దేశంలో ఉన్న ప్రైవేటు ఆఫీసు నడుపుతుంది. దీనికీ అంతే, పేరు ఒక చోట, ఆఫీసు ఒక చోట. నేను నా ఇంగ్లీషంతా కూడగట్టి ఐదు ఉత్తరాలు రాశాను. ఐదింటికీ ఒకటే జవాబు, మీ ఉత్తరం అందింది అని. అది మనిషి రాసింది కాదు, మిషను పంపింది. స్వరూప మాత్రం ఆ జవాబులను ప్రింటు తీసి ఫైలులో పెట్టుకునేది.

భూపాల్ ఫోను మొదట్లో రోజూ వచ్చేది. మేలో వారానికోసారి అయింది. జూన్‌లో పది రోజులకోసారి, అదీ రెండు నిమిషాలు. ఓడలో కరెంటు లేదు. ఎప్పుడన్నా పక్క నుంచి పోయే పడవ వాళ్లను బతిమాలి ఫోను చార్జింగ్ పెట్టించుకునేవాడు. ఎండకు ఇనుము కాలుతోందని, డెక్కు మీద పడుకుంటున్నామని, బియ్యం ఉన్నాయి గాని నీళ్లు తక్కువని చెప్పేవాడు. ఆ మాటలు నాకు చెప్పేటప్పుడు స్వరూప గొంతు గట్టిగానే ఉండేది. మీరు చెప్పినట్టే ఉంటుండు సార్, దిగలేదు అని చివర్లో కలిపేది. శభాష్ అన్నాను ఒకసారి. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు నాలుక కోసుకోవాలనిపిస్తుంది.

జులై మూడు, బుధవారం. ఫైనలియర్ క్లాసు. సరిగ్గా ఆ నలభై మూడో పేజీ డిక్టేట్ చేస్తున్నాను. శ్రావ్య అనే అమ్మాయి లేచింది. అంబర్‌పేట నుంచి బస్సులో వస్తుంది, ముందు బెంచీ, తక్కువ మాటలు. సార్, ఇది మారింది కదా అంది.

ఏం మారిందన్నాను. ఆ అమ్మాయి ఫోను చూసి చదవలేదు, బట్టీ పట్టినట్టూ చెప్పలేదు, అర్థమైన మనిషి చెప్పినట్టు చెప్పింది. ఓడ పనివాళ్ల అంతర్జాతీయ ఒప్పందానికి సవరణ వచ్చింది. ఓనరు వదిలేసిన పనివాళ్లను ఇంటికి చేర్చే బాధ్యత ముందే ఒక బీమా సంస్థ రాసివ్వాలి. రెండు నెలలు జీతం ఇవ్వకపోయినా, తిండీ నీళ్లూ లేకుండా వదిలేసినా, వదిలేసినట్టే లెక్క. ఆ బీమా సర్టిఫికెట్టును, ఫోను నంబరుతో సహా, ఓడలో అందరికీ కనబడేచోట అంటించాలి. ఓడలో ఉన్నవాడు ఎవరైనా దానికి ఫోన్ చేయొచ్చు. తిండి, నీళ్లు, టికెట్టు వాళ్లే చూడాలి. జెండా దేశం ఉత్తర్వు కోసం కూర్చోనక్కర్లేదు.

క్లాసంతా నా వైపు చూస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"పేపరు దిద్దేది నువ్వా, నేనా? ఇచ్చింది రాసుకో."

అమ్మాయి కూర్చుంది. నేను ఫుల్‌స్టాప్ అని, తర్వాతి వాక్యం మొదలుపెట్టాను.

భూపాల్ గుర్తు రాలేదా అంటే, వచ్చాడు. ఆ క్షణంలోనే వచ్చాడు. ఫోను తీసి స్వరూపకు ఒక్క మాట చెబితే అయిపోయేది, ఓడలో గోడ మీద ఏం అంటించారో చూడమను అని. కానీ అలా చెప్పాలంటే ముందు నేను తప్పు చెప్పానని చెప్పాలి. ముందు నేను చూసుకుని, నిజమో కాదో తేల్చుకుని, తర్వాత చెబుదామనుకున్నాను. పిల్ల ఎక్కడో ఏదో చదివి వాగి ఉంటుందనుకున్నాను. గురువారం, శుక్రవారం వాల్యుయేషన్. శనివారం లైబ్రరీకి వెళ్లి చూశాను. శ్రావ్య చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజు కూడా చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పాలో తెలియలేదు. ఇంట్లో అన్నం కలపకుండా కూర్చుంటే మా ఆవిడ వెంకటలక్ష్మి అడిగింది. సగం సగం చెప్పాను.

"తెలిసిండేది చెప్పేదానికి ఇంత యోచన దేనికి మీకు? లేచి పోయి చెప్పిరాపోండి" అంది.

ఆమెనూ కసిరాను. ఎలా చెప్పాలో వాక్యాలు కూర్చుకుంటూ వారం గడిపాను. సవరణ కొత్తగా వచ్చిందని చెబుదామా, నాకు ఇప్పుడే కబురు అందిందని చెబుదామా అని. పదిహేనో తారీఖు, సోమవారం పొద్దున, వాక్యం కుదిరింది. తార్నాకకు నడుచుకుంటూ వెళ్లాను. సందు మొదట్లో బోనాల బ్యానర్లు కట్టి ఉన్నాయి. జిరాక్స్ షాపు షట్టరు దించి ఉంది.

పక్కన టీ కొట్టు సాలమ్మ చెప్పింది. స్వరూప మొగుడు ఓడ మీదనే పాణం ఇడిచిండట సార్, నిన్న ఫోనొచ్చింది అని.

శవం రావడానికి మూడు వారాలు పట్టింది. జెండా దేశం కాగితం ఒకటి, రేవు కాగితం ఒకటి, మన ఎంబసీ కాగితం ఒకటి. బతికి ఉన్నప్పుడు పలకని ఆఫీసులన్నీ చచ్చాక సంతకాలు అడిగాయి. శవపేటికను వాళ్ల ఊరికి తీసుకుపోయారు. నేను వెళ్లాను. స్వరూప నన్ను చూసి, అంత ఏడుపులోనూ కుర్చీ తెమ్మని ఎవరికో సైగ చేసింది. సార్ ఎంతో కొట్లాడిండు మా కోసం అని చుట్టాలకు చెప్పింది. నేను ఆ కుర్చీలోనే కాసేపు కూర్చుని వచ్చేశాను.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం ఆమే ఫోన్ చేసింది. ఓడలో భూపాల్‌తో పాటు ఉన్న వంట మనిషి వచ్చాడని, బ్యాగు తెచ్చాడని, ఏవో కాగితాలున్నాయి, మీరు షాపుకొస్తే మంచిగుంటదని అంది. వెళ్లాను. వెళ్లకుండా ఉండే దారి ఏదైనా ఉంటే వెతుక్కునేవాణ్ణే.

అతని పేరు దానయ్య. శ్రీకాకుళం వైపు మనిషి, అరవై ఏళ్లుంటాయి, ఎండకు మాడి సగమైపోయాడు. నా స్టూలు మీద అతను కూర్చుని ఉన్నాడు, నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. స్వరూప కౌంటరు పక్కన నిలబడి ఉంది. నేనెవరో ఆమె అతనికి చెప్పినట్టు లేదు. సార్ వచ్చిండు, చెప్పుండ్రి పెద్దాయనా అంది అంతే.

దానయ్య నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. జులై ఆరు, శనివారం. శనివారం అని ఎందుకు గుర్తంటే, తను శనివారాలు వెంకన్నకు ఒక్కపూటే తింటాడు, ఆ రోజు ఆ ఒక్కపూట కూడా వండడానికి నీళ్లు లేవు. పొద్దున్నే ఒక పడవ వచ్చింది. రేవులో ఓడ పనివాళ్ల మంచిచెడ్డలు చూసే సంఘం వాళ్లు. నీళ్ల డబ్బాలు అందించి, దిగి వచ్చేయండి, మిగతాది మేం చూసుకుంటాం అన్నారు. ఇన్సూరెన్సు, ఇన్సూరెన్సు అని ఏదో చెప్పారు. ముగ్గురు సంతకం పెట్టి దిగిపోయారు. వాళ్లు వారం తిరక్కుండా ఇళ్లకు చేరారు.

"మరి మీరెందుకు దిగలేదు?" అని స్వరూప అడిగింది. ఆమెకు పడవ సంగతి అప్పటిదాకా తెలియదు. ఆ పడవ వెళ్లిన పూటే భూపాల్ ఫోను చార్జింగ్ అయిపోయి ఆగిపోయింది.

దానయ్య బ్యాగులోంచి భూపాల్ ఫోను తీశాడు. దారిలో ఎక్కడో చార్జింగ్ పెట్టించాడట. తడుముకుంటూ ఒక ఫోటో తెరిచి మాకు చూపించాడు.

"ఈ కాయితం సూపించాడమ్మా నాకు. దిగితే జైలని ఇందులో రాసుందంట. మా సారు రాసింది తప్పు అవదు, ఎందరో జడ్జీలు అయ్యారు దీంతోటి, అన్నాడు. నాకు సదువు రాదు. ఆడి మాట మీద నేనూ ఉండిపోయాను."

కుడి అంచున నల్లటి గీత. నలభై మూడో పేజీ.

స్వరూప ఆ ఫోటో చూసి, ఫోను తిరిగి దానయ్య చేతిలో పెట్టింది. దానయ్య మిగతాది చెప్పాడు. తొమ్మిదో తారీఖున తుప్పు పట్టిన నిచ్చెన తగిలి భూపాల్ పిక్క కోసుకుపోయింది. కాలు వాచింది. పదకొండుకు జ్వరం, వణుకు. రేడియోకు బ్యాటరీ లేదు. దానయ్య దుప్పటి కర్రకు కట్టి రెండు రోజులు ఊపాడు. గాలి ఎక్కువై పడవలు రాలేదు. పదమూడో తారీఖున భూపాల్ నీళ్లడిగి, తాగి, పడుకున్నాడు. పద్నాలుగు పొద్దున పడవ వచ్చింది. అప్పటికి అయిపోయింది.

షాపు ముందు ఎవరో కుర్రాళ్లు వచ్చి, కొండయ్య సార్ ఇంటర్నేషనల్ లా ఉన్నదా అక్కా అని అడిగారు. తర్వాత రాండ్రి అని స్వరూప పంపేసింది. అప్పుడు దానయ్య తలెత్తి నా వైపు చూశాడు. అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. చూపు తిప్పుకున్నాను.

స్వరూప ఫోను తీసుకుని ఒక్కొక్క ఫోటో చూస్తోంది. భూపాల్ డెక్కు మీద, భూపాల్ చేపతో, భూపాల్ గడ్డంతో. ఒక ఫోటో దగ్గర ఆగింది. ఓడలో అన్నం తినే గదిలో తీసుకున్నది, నవ్వుతున్నాడు. ఆమె ఆ మొహాన్నే చూస్తోంది. నేను అతని భుజం వెనక గోడ చూశాను. ఫ్రేము కట్టిన కాగితం. చెయ్యి చాపి ఫోను తీసుకుని ఆ కాగితాన్ని వేళ్లతో పెద్దది చేశాను. బీమా సంస్థ పేరు, ఇరవై నాలుగు గంటల ఫోను నంబరు, ఈమెయిలు, అన్నీ ఉన్నాయి. అక్షరం అక్షరం చదవొస్తోంది.

"అదా బాబూ, రోజూ గుడ్డతో తుడిసేవోణ్ణి. అద్దం కదా, ఉప్పు పట్టేసేది" అన్నాడు దానయ్య.

"ఏంది సార్ అది?" అని స్వరూప అడిగింది.

కొత్త సవరణ వచ్చింది అని మొదలుపెట్టే వాక్యం నా దగ్గర ఇంకా సిద్ధంగా ఉంది. జులైలో వారం రోజులు కూర్చుకున్న వాక్యం. గొంతు దాకా వచ్చింది. దానయ్య చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, ఆ గోళ్లలో ఇంకా మసి ఉంది. ఆ వాక్యం చెప్పలేకపోయాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆ నంబరుకు ఫోన్ చేస్తే వాళ్లే నీళ్లు పంపి, తిండి పెట్టి, టికెట్టు కొని ఇంటికి పంపాలి. ఏప్రిల్లోనే పంపాలి. దిగితే జైలన్నది తప్పు. జెండా దేశం జవాబు కోసం ఆగాలన్నదీ తప్పు.

ఆమె నా చేతిలోంచి ఫోను తీసుకుంది. తర్వాత చాలా మెల్లగా అడిగింది.

"ఈ రూలు ఎప్పుడొచ్చింది సార్?"

"రెండు వేల పదిహేడు."

"అంటే నేను మీ కాడికి వచ్చేటాల్లకే ఉన్నది."

"ఉంది."

"మీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పడానికి అవకాశం ఉంది. ఇవాళే అంటే ఆమె నమ్మేది. ఇన్నేళ్లు నమ్మినట్టే నమ్మేది.

"జులై మూడో తారీఖు. క్లాసులో ఒక అమ్మాయి చెప్పింది. ఆరో తారీఖు నేను చూసి రూఢి చేసుకున్నాను. పదిహేనో తారీఖు నీ దగ్గరకు వచ్చాను. షట్టరు వేసి ఉంది."

నేను ఏడుస్తున్నానని అప్పుడే తెలిసింది నాకు. ఆమె ఏడవలేదు. వేళ్లతో లెక్కపెట్టలేదు, అవసరం లేకపోయింది.

"పడవ రాకముందు మూడు దినాలు" అంది.

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె ఫోను ఆపి, బ్యాగులో పెట్టి, జిప్పు వేసింది. దానయ్యకు టీ చెప్పింది. తర్వాత కంప్యూటరు ముందు కూర్చుని, తను టైపు చేసి పెట్టుకున్న నా నోట్సు ఫైలు తెరిచి, నలభై మూడో పేజీకి వెళ్లింది. ఏడో ప్రశ్న కింద ఉన్నదంతా తుడిపేసింది. తెర మీద తెల్లగా ఖాళీ వచ్చింది.

"చెప్పుండ్రి" అంది. సార్ అనలేదు.

చెప్పాను. ఇరవై ఎనిమిదేళ్లలో మొదటిసారి, ఒక్కో మాట వెతుక్కుంటూ చెప్పాను. కామా ఎక్కడ పెట్టాలో కూడా చెప్పలేదు, ఆమే పెట్టుకుంది. ఓడలో గోడ మీద కాగితం ఉంటుంది, దాని మీద నంబరు ఉంటుంది, ముందు దానికి ఫోన్ చేయాలి. మన దేశపు ఓడల ఆఫీసుకూ రాయాలి, వాళ్లు అడగగలరు. రేవు నుంచి పడవ వస్తే దిగిపోవచ్చు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను. ఆమె కీబోర్డు మీద వేళ్లు పెట్టి, తెర వైపే చూస్తూ, నేను చెప్పేదాకా ఆగింది. చెప్పాక టైపు చేసింది.

ప్రింటు తీసి, అరలో ఉన్న నా కట్టలన్నీ కిందికి దించింది. ఒక్కో కట్టలోంచి పాత నలభై మూడో పేజీ లాగి కొత్తది దూర్చింది. ఇరవై కట్టల దాకా ఉన్నాయి. దానయ్య లేచి ఆమెకు అందిస్తూ వచ్చాడు. నేను సాయం చేయబోతే నా చేతిలో ఏమీ పెట్టలేదు.

చివరి కట్టను అరలోకి ఎక్కించలేదు. దాన్ని చేతిలో పట్టుకుని, బరువు చూస్తున్నట్టు నిలబడింది.

"ఇసొంటి పేజీలు ఇంకెన్ని ఉన్నయి దీంట్ల?"

రెండొందల పన్నెండు పేజీలు. సరిహద్దులవి ఉన్నాయి, శరణార్థులవి ఉన్నాయి, పరదేశంలో అరెస్టయినవాళ్లవి ఉన్నాయి. తొంభై ఆరు వేసవి తర్వాత వాటిని ఎవరూ సరిచూడలేదు.

"తెలీదమ్మా" అన్నాను.

దానయ్య ఖాళీ చేసిన స్టూలును ఆమె కాలితో నా వైపు జరిపింది. కట్టను కౌంటరు మీద నా ముందు పెట్టి, పక్కన ఎర్ర పెన్ను పెట్టింది.

"సూడుండ్రి. అయ్యేదాంక ఇది ఎవ్వరికి అమ్మను."

కూర్చున్నాను. మొదటి పేజీ తిప్పాను. కుర్రాళ్లు మళ్లీ వచ్చారు, నోట్సు అడిగారు. లేదని చెప్పి పంపింది. మొదటి పేజీ రెండో పేరాలోనే ఒక తప్పు దొరికింది. దాని చుట్టూ గీత గీసి, మూడో పేరా చదవడం మొదలుపెట్టాను.